నలభై ఒకటో అలమరా

మూడేళ్లలో నేను మూడు వందల నలభై ఏడుసార్లు చచ్చాను. మాటవరసకు అనడం లేదు, లెక్క ఉంది. గీతల నోటుబుక్కులో నాలుగు గడులు గీసుకున్నాను. ఏ రోజు చచ్చాను, ఎక్కడ చచ్చాను, ఎలా చచ్చాను, న్యాయంగానా అన్యాయంగానా. ఆ నాలుగో గడి మా చెల్లెలి కోసం. అందులో 'అన్యాయం' అని రాసిన రోజు దానికి ముద్ద దిగదు.

నా అసలు ఉద్యోగం ప్రూఫులు దిద్దడం. బడిపిల్లల పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో పద్దెనిమిదేళ్లుగా అదే పని. తప్పు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. దుకాణం బోర్డయినా, పెళ్లి కార్డయినా, మందుల డబ్బా మీది కాగితమైనా సరే. ఇంట్లో నేనంటే విసుగు, ఆఫీసులో భయం. మా చెల్లెలు వీడియో గేములు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరాక ఓ సాయంత్రం నా పక్కన చేరింది. "అక్కా, నీకు కోపం ఎక్కువ, ఓపిక అంతకంటే ఎక్కువ. మా ఆట ఆడిపెట్టవే" అంది.

"నాకేం వచ్చే ఆటలు? ఫోన్లో పేకముక్కలు కూడా ఆడను."

"రానివాళ్లే కావాలి. ఆడు, చావు, ఎందుకు చచ్చావో రాయి. అంతే."

అలా మొదలైంది. రోజూ నాలుగింటికి ప్రెస్సు నుంచి బయటపడి, రెండు వీధులు దాటి వాళ్ల ఆఫీసుకు పోయేదాన్ని. అక్కడ ఆరున్నర దాకా చచ్చి, చెల్లెలితో కలిసి ఇంటికొచ్చేదాన్ని.

ఆట సంగతి చెబుతాను. అంతరిక్షంలో ఒక స్టేషను. మూడంతస్తులు. అందులో మీరు కరెంటు పని చేసే మనిషి. నిద్ర లేచేసరికి తోటివాళ్లు ఒక్కరూ ఉండరు, దీపాలు సగం ఆరిపోయి ఉంటాయి. అంతస్తుకో ఫ్యూజు చొప్పున మూడు ఫ్యూజులు వెతికి తెచ్చి పెడితే, తప్పించుకుపోయే చిన్న ఓడ తలుపు తెరుచుకుంటుంది. చేతిలో ఒక టార్చి, వీపున గాలి సిలిండరు. ఆయుధం అంటూ ఏమీ లేదు. స్టేషనులో మీతోపాటు ఒక జంతువు ఉంటుంది. నల్లగా, పొడుగ్గా, కళ్లు సరిగ్గా కనపడవు గానీ చెవులు పాము చెవులు. దాన్ని చంపలేం. పరిగెత్తితే వింటుంది. కదలకుండా కూర్చుంటే గాలి అయిపోతుంది. బీరువాల్లో, బల్లల కింద దాక్కుని ఊపిరి బిగబట్టుకోవాలి. దానికొక మీట ఉంది. ఆ మీట నొక్కి పట్టుకున్నంతసేపూ నేను నిజంగానే ఊపిరి బిగబడతానని తర్వాత మా వాళ్లు చెప్పి నవ్వారు.

కాగితాల మీద ఆ జంతువుకేదో నంబరు ఉంది. ఆఫీసులో అందరూ 'అత్తగారు' అంటారు. ఆ పేరు నేనే పెట్టాను. నాలుగేళ్లు కాపురం చేసి తిరిగొచ్చినదాన్ని, వంటింటి గుమ్మంలోకి చప్పుడు చెయ్యకుండా వచ్చి నిలబడడమంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

అత్తగారి రూపం ఆఫీసులో బొమ్మలాయన గీశాడు. అరుపు, అడుగుల చప్పుడు చెవులాయన చేశాడు. శబ్దాల పని ఆయనది కాబట్టి ఆ పేరు. అత్తగారి బుర్ర మాత్రం మొత్తం మా చెల్లెలిదే. నికరమైన ఉద్యోగం వదిలేసి వచ్చి మూడేళ్లు కూర్చుని తయారుచేసింది. ఇలాంటి ఆటల్లో మామూలుగా జంతువుకి మీరెక్కడున్నారో ముందే తెలిసిపోతుందట, తెలియనట్టు నటిస్తుందట. మా చెల్లెలికి అది అస్సలు గిట్టదు. "నా జంతువు మోసం చెయ్యదు. విన్నదే వింటుంది, చూసిందే చూస్తుంది. మిగతాదంతా వెతుక్కుంటుంది" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేది. పైగా అత్తగారికి జ్ఞాపకశక్తి ఉంది. మీరు రెండుసార్లు బల్ల కింద దాక్కుంటే మూడోసారి ముందు బల్ల కిందే వంగి చూస్తుంది.

ఈ బుర్ర ఉన్న అత్తగారు ఆటలో ఒక్క పద్ధతిలోనే వస్తుంది. దాని పేరు 'ఒకే ఊపిరి'. అందులో ఒకటే ప్రాణం. మధ్యలో ఆపి దాచుకుని మళ్లీ ఆడటం ఉండదు. మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగిన ఆడాలి. మిగతా తేలిక పద్ధతుల్లో అంతకుముందు ఎవరో చేసిన జంతువు ఉంది. గడియారం ముల్లులా అదే దారిలో తిరుగుతుంది, పాపం.

ఆటను విడుదల చేసే కంపెనీ వాళ్లు 'ఒకే ఊపిరి'ని రెండు వందలమంది చేత ఆడించి చూశారు. ఒక్కరూ పూర్తిచెయ్యలేదు. సగంమంది 'ఇది మోసం చేస్తోంది' అని రాశారు. ఆ మాట చదివిన రోజు చెల్లెలు నాతో కూడా మాట్లాడలేదు. వారం తిరక్కుండా ఆ కంపెనీ నుంచి టై కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన, సొంత ఫ్లాస్కు చంకన పెట్టుకుని వచ్చాడు. మంచాయనే. కోపతాపాలు లేవు.

"ఎవరూ పూర్తి చెయ్యలేకపోతే దాన్ని కష్టం అనరమ్మా, చెడిపోయింది అంటారు. మీలో ఎవరైనా ఒక్కరు, ఒక్కసారి, నా ముందు పూర్తిచేసి చూపించండి. శనివారం వస్తాను. లేదంటే ఆ పద్ధతి తీసేద్దాం. బుర్ర చేసిన అమ్మాయి మాత్రం ఆడకూడదు" అన్నాడు.

తీసేస్తే చెల్లెలి మూడేళ్లు తీసేసినట్టే. దాని అత్తగారిని బయట ఒక్కరు కూడా చూడరు. గడియారం ముల్లు జంతువును చూసి, ఇదేనా మీరు చేసింది అంటారు. ఆ సాయంత్రం ఇంటికొస్తూ చెల్లెలు, "పోనీలే అక్కా, మళ్లీ పాత ఉద్యోగం అడుక్కుంటాను" అంది. నాకు ఒళ్లు మండింది. "నోరు ముయ్యి, నేను బతికే ఉన్నాను" అన్నాను. మూడు వందల నలభై ఏడుసార్లు చచ్చినదాన్ని ఆ మాట అనడం ఏమిటో!

చెవులాయన ప్రయత్నిస్తే గంటా నలభై నిమిషాలకు పోయాడు. బొమ్మలాయన ఇరవై నిమిషాలకే. ఇక మిగిలింది నేను.

శనివారం పొద్దున పదింటికి కూర్చున్నాను. కుర్చీలో దిండు, ముక్కు మీద చత్వారపు కళ్లజోడు, పక్కన మంచినీళ్లు. టై ఆయన నా వెనకాల ఫ్లాస్కు మూత తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఎవరూ ఒక్క మాట కూడా అందించకూడదని ముందే చెప్పాడు. చెల్లెలు నీళ్ల ఫిల్టరు దగ్గర నిలబడి గోళ్లు కొరుకుతోంది. నేను ఆడినంతసేపూ అది అక్కడి నుంచి కదల్లేదు.

పైఅంతస్తులో ఫ్యూజు యాభై నిమిషాల్లో దొరికింది. తొందరపడితే పోతామని నాకు తెలుసు. ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లేముందు గుమ్మంలో ఆగి పది అంకెలు లెక్కపెట్టుకుంటాను. కుర్రాళ్లు చచ్చేది అక్కడే, వాళ్లకు ఆగడం రాదు. అత్తగారు రెండుసార్లు నా ముందు నుంచే వెళ్లింది. ఒకసారి బల్ల కింద ఉన్నాను, ఒకసారి తలుపు చాటున. మళ్లీ బల్లల జోలికి పోకూడదని మనసులో గుర్తుపెట్టుకున్నాను.

మధ్య అంతస్తు భోజనాల గదిలో పీకల మీదికి వచ్చింది. ఫ్యూజు గూటి దగ్గర నేనుండగానే అత్తగారు గుమ్మంలో నిలబడింది. టార్చి ఆర్పేశాను. నేల మీద దొరికిన ఖాళీ డబ్బా ఒకటి తీసి గది అవతలి మూలకు విసిరాను. అత్తగారు అటు తిరిగింది. నేను గోడ వెంబడి ఒక్కో అడుగూ వేసుకుంటూ, దాని తోక పక్క నుంచి బయటికి వచ్చాను. వెనకాల ఎవరో 'అమ్మో' అన్నారు. టై ఆయన వాళ్లకేసి చూసి ఉంటాడు, మళ్లీ ఎవరూ నోరు విప్పలేదు.

తర్వాత కిందంతస్తు. అది బట్టలుతికే అంతస్తు. ఆడినవాళ్లందరికీ ఆటలో అన్నిటికంటే భయం వేసేది అక్కడే. నాకు మాత్రం అక్కడికి వెళ్తే సొంతింటికి వచ్చినట్టు ఉంటుంది. ఎందుకంటే అది మా అమ్మ పనిచేసిన చోటు. నాకు పదేళ్లప్పుడు నాన్న పోయారు. అమ్మ ఒక పెద్దాసుపత్రి లాండ్రీలో చేరింది. బడి వదలగానే నేనూ చెల్లెలూ నేరుగా ఆసుపత్రి నేలమాళిగలో ఉండే ఆ లాండ్రీలోకి దిగేవాళ్లం. ఆరింటికి అమ్మ డ్యూటీ అయ్యేదాకా అక్కడే చదువు, అక్కడే ఆట. చెల్లెలు ఆ గదులను కళ్లతో చూసి గీసినట్టు ఆటలో పెట్టింది. వరసగా గుండ్రటి ఉతికే యంత్రాలు, చక్రాల బళ్లు, పైన ఆవిరి గొట్టాలు, మంచమంత పొడుగు ఇస్త్రీ యంత్రం, దాని వెనకాల ఉతికిన దుప్పట్లు పెట్టే అలమరా.

మూడో ఫ్యూజు యంత్రాల సందులో ఉంది. తీశాను. తియ్యగానే ఆవిరి గొట్టాల మీద అడుగుల చప్పుడు. గాలి తొమ్మిది శాతం ఉంది. చక్రాల బండి కింద దూరదామంటే అంతకుముందే ఒకసారి దూరాను, మళ్లీ చూస్తుంది. నేను పరిగెత్తాను. అత్తగారు కిందికి దూకిన చప్పుడు నా వెన్నులో వినిపించింది. ఇస్త్రీ యంత్రం చుట్టూ తిరిగి అలమరాలో దూరి తలుపేసుకున్నాను. మీట నొక్కి పట్టుకున్నాను.

తలుపు సందులోంచి దాని మెడ కనిపిస్తోంది. వచ్చి ఎదురుగా నిలబడింది. నేను లోపల లెక్కపెడుతున్నాను. పదిహేను, పదహారు, పదిహేడు. పంతొమ్మిది దగ్గర అది తల తిప్పుకుని వెళ్లిపోయింది.

నేను ఊపిరి వదిలాను. వెనకాల నలుగురూ వదిలారు. ఆ తర్వాత ఏముంది, లిఫ్టు, ఫ్యూజులు, ఓడ. మూడు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలకు తెర మీద నక్షత్రాలు కనిపించాయి. చెవులాయన నన్ను కుర్చీతో సహా పైకెత్తబోయి నడుము పట్టుకున్నాడు. బొమ్మలాయన ఈలలు వేశాడు. టై ఆయన గడియారం చూసుకుని, కాగితం మీద ఏదో రాసుకుని, "బాగుందమ్మా, ఉంచండి" అన్నాడు. చెల్లెలు నా మెడ పట్టుకుని ఏడ్చేసింది. ప్రపంచంలో నా అంత గొప్పది లేదనిపించింది, నిజం చెప్పొద్దూ.

మొహం కడుక్కొచ్చి, అలవాటు కొద్దీ నోటుబుక్కు తీశాను. ఆ రోజు చావలేదు కాబట్టి రాయడానికేమీ లేదు. ఊరికే పాత పేజీలు తిప్పుతున్నాను. నా శౌర్యం నేనే చదువుకుందామని. కిందంతస్తు దగ్గర కన్ను ఆగింది. యంత్రాల సందులో చచ్చినవి అరవై ఒకటి. చక్రాల బళ్ల కింద ఇరవై రెండు. ఇస్త్రీ యంత్రం కింద పద్నాలుగు. గొట్టాల దగ్గర తొమ్మిది. అలమరాలో ఒక్కటీ లేదు.

మళ్లీ మొదటి నుంచి చూశాను. లేదు. మూడేళ్లలో నేను ఎక్కువసార్లు దూరింది ఆ అలమరాలోనే. అత్తగారు వస్తుంది, నిలబడుతుంది, వెళ్లిపోతుంది. ప్రతిసారీ నా అదృష్టం అనుకున్నాను, లేదా నా తెలివి అనుకున్నాను. ప్రెస్సులో కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఒకటుంది. కంఠతా వచ్చిన పాఠం మీరు దిద్దకండి, వేరేవాళ్లకివ్వండి, తెలిసినచోట కన్ను చదవదు అని. పద్దెనిమిదేళ్లుగా అందరికీ చెబుతున్నాను. నాకు నేను చెప్పుకోలేదు.

చెల్లెల్ని చెయ్యి పట్టుకుని కాగితాలు దాచే చిన్న గదిలోకి లాక్కుపోయాను.

"అలమరా తలుపు అత్తగారు ఎందుకు తియ్యదే?"

దాని మొహంలో నెత్తురు చుక్క లేదు. అంతే, నాకర్థమైపోయింది, తెలిసే చేసిందని.

"అక్కా, అది... ఇప్పుడెందుకు?"

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడే? ఎందుకు తియ్యదు?"

అక్కడున్న కంప్యూటరు తెరిచి చూపించింది. ఆటలో దాక్కునే చోట్లు మొత్తం నలభై ఒకటి. అత్తగారు వెతకాల్సిన చోట్ల జాబితా వేరే ఉంది. అందులో నలభై ఉన్నాయి. అలమరా లేదు. చప్పుడు విని దగ్గరిదాకా వస్తుంది గానీ, అక్కడ తీయాల్సిన తలుపొకటుందని దానికి తెలియదు.

"మర్చిపోయావా?"

"లేదు. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ రేపు రాద్దాంలే అనుకున్నాను. మూడేళ్లయింది."

నేను నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను. నేనలా నిలబడితే అది చిన్నప్పటి నుంచీ నిజం చెప్పేస్తుంది.

"దాగుడుమూతలు ఆడేవాళ్లం కదా అక్కా, లాండ్రీలో. నువ్వెప్పుడూ ఆ అలమరాలోనే దాక్కునేదానివి."

"అవును, నీకెప్పుడూ దొరికేదాన్ని కాదు."

"నువ్వందులో ఉన్నావని నాకు తెలుసు. ప్రతిసారీ తెలుసు. తలుపు తియ్యడం నావల్ల అయ్యేది కాదు." కంప్యూటరు మూసేసింది. "అంతకుముందు ఒక రోజు తీశాను. నాకు ఏడేళ్లు ఉంటాయేమో. ఆ రోజు నువ్వెక్కడికి పోయావో, నిన్నే వెతుకుతూ తీశాను. లోపల అమ్మ ఉంది. దుప్పట్ల మధ్య కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. చప్పుడు లేదు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. నన్ను చూసింది, ఏమీ అనలేదు. నేను తలుపేసేశాను."

నడుం మీంచి చెయ్యి తీసేశాను.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే నువ్వు అప్పటికప్పుడు వెళ్లి అమ్మను నిలదీసేదానివి. నీ నోరు నాకు తెలీదా?"

నిజమే. నిలదీసేదాన్ని. ఆ అలమరా నా తెలివికి గుర్తని ముప్పై ఏళ్లు డప్పు కొట్టుకున్నాను. ఏడేళ్ల పిల్ల ఓడిపోయానని ఒప్పుకుని, "బయటికి రావే అక్కా" అని గదంతా తిరుగుతూ పిలుస్తుంటే, లోపల నోరు మూసుకుని నవ్వేదాన్ని. దాని మీద జాలి వేసింది, నా మీద నాకు కంపరం పుట్టింది. అన్నీ పక్కకు నెట్టి, కావలసిన సంగతి మాట్లాడాను.

"సరే. ఆయన కాగితం రాసేశాడు. ఇది మనిద్దరికే తెలుసు. ఇంటికి పోదాం పద."

"నువ్వేనా ఈ మాట అంటున్నది?" అంది చెల్లెలు.

"నేనే. పెళ్లి కార్డుల మీద తప్పులు దిద్దినంత మాత్రాన నా చెల్లెలి మెడకు ఉరి వేస్తానా? ఒక్క తలుపు. అది కూడా ఆడేవాళ్లకు మేలు చేసే తలుపే. ఎవరికి నష్టం?"

"రెండు వందలమందికి చెప్పాను అక్కా, నా జంతువు మోసం చెయ్యదని. వాళ్లకు మోసం చెయ్యలేదు. నీ కోసం చేసింది. నువ్వు దాని చేతిలో బతకలేదు, నా చేతిలో బతికావు."

"బతికించావుగా, చాల్లే. నోరు మూసుకో."

అది మూసుకోలేదు. తలుపు తీసుకుని వెళ్లి, ఫ్లాస్కు సర్దుకుంటున్న టై ఆయన ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. అమ్మ సంగతి చెప్పలేదు. ఒక అలమరా జాబితాలో రాయలేదని, అందుకే అక్క బతికిందని, ఈ ఆట చెల్లదని చెప్పింది. నాకు దాన్ని కొట్టాలన్నంత కోపం వచ్చింది. నెత్తిన పెట్టుకోవాలని కూడా అనిపించింది. ఏదీ చెయ్యకుండా గుమ్మంలో నిలబడ్డాను.

ఆయన కాసేపు గడ్డం రుద్దుకున్నాడు. "రేపు ఆదివారం నాకు పనేం లేదు. జాబితా సరిచెయ్యండి. ఇంకొక్కసారి ఆడండి. ఇక అదే ఆఖరు" అన్నాడు.

ఆదివారం పొద్దున చెల్లెలు నా ముందే కూర్చుని జాబితాలో నలభై ఒకటో వరస రాసింది. అరనిమిషం కూడా పట్టలేదు.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే" అంది. లేచి ఫిల్టరు దగ్గరికి వెళ్లి నిలబడింది.

పదింటికి మొదలుపెట్టాను. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, ముందురోజు కంటే బాగా ఆడాను. పైఅంతస్తు నలభై నిమిషాలు. భోజనాల గదిలో డబ్బా విసరాల్సిన అవసరమే రాలేదు. కిందంతస్తుకు దిగేసరికి గాలి ముప్పై శాతం మిగిలింది. అలమరా వైపు పోకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాను. ఫ్యూజు తీశాక గొట్టాల కిందుగా వెళ్లి ఎడమ పక్క మెట్లెక్కాలని దారి కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

ఫ్యూజు తీశాను. గొట్టాల కిందికి వెళ్లాను. మెట్ల మీద అత్తగారు కూర్చుని ఉంది.

దాని తప్పేం లేదు. పైఅంతస్తులో రెండుసార్లు మెట్ల దారినే తప్పించుకున్నాను. అది గుర్తుపెట్టుకుంది. నేనే మా చెల్లెలి బుర్రను తక్కువ అంచనా వేశాను. వెనక్కి తిరిగాను. యంత్రాల సందులోకి దూరుదామంటే ఆవిరి కమ్ముకుంది, అక్కడ అడుగు వేస్తే బుస్సుమని చప్పుడు. బళ్ల వైపు తిరిగాను, దారికి అడ్డంగా దాని నీడ పడింది. ఆ తర్వాత నేను ఆలోచించలేదు. వేళ్లే నడిపించాయి. చూసుకునేసరికి అలమరాలో ఉన్నాను. తలుపు వేసి ఉంది. మీట నా వేలి కింద ఉంది.

వచ్చింది. ఎదురుగా నిలబడింది. పదిహేడు. పద్దెనిమిది. పంతొమ్మిది. దాని చెయ్యి తలుపు మీద పడడం చూశాను. సందులోంచి వెలుగు ఎక్కువైంది. మీట వదిలేశాను, ఇంకా ఎందుకని. తలుపు తెరుచుకుంది.

తెర నల్లబడింది. ఫిల్టరు దగ్గర నుంచి చెల్లెలి గొంతు చిన్నగా వినిపించింది.

"దొరికావక్కా."

వెనక్కి తిరిగి చూశాను. కళ్లనిండా నీళ్లు, పెదాల మీద ఓ రకం నవ్వు. దాన్ని అలా నేనెప్పుడూ చూడలేదు.

టై ఆయన ఫ్లాస్కు మూత బిగించాడు. "న్యాయంగానే చచ్చారమ్మా. కానీ చచ్చారు" అన్నాడు. ఇంకోసారి ఆడనివ్వమని చెవులాయన బతిమాలబోయాడు. చెల్లెలే వద్దంది. 'ఒకే ఊపిరి' తీసేస్తున్నట్టు టై ఆయన కాగితం మీద రాసి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. నోటుబుక్కులో మూడు వందల నలభై ఎనిమిదోది నేను రాసుకున్నాను. చోటు: అలమరా. నాలుగో గడిలో: న్యాయం.

బస్సులో చెల్లెలు కిటికీ పక్కన కూర్చుంది. ఏడవలేదు. "అత్తగారు మెట్ల మీద కూర్చోవడం చూశావా అక్కా? అది నేను నేర్పలేదు, తనే కనిపెట్టుకుంది" అంది. "చూశానే" అన్నాను. "నువ్వొక్కదానివే చూశావు" అంది. దాని చెయ్యి తీసుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ మంచం మీద ఆరిన బట్టలు కుప్ప పోసుకుని మడతపెడుతోంది. అమ్మకిప్పుడు డెబ్భై రెండు. మడతలో ఒక్క అంచు తేడా రానివ్వదు.

"ఏమైందే మీ ఆట?"

"ఓడిపోయాం" అన్నాను.

"పోనీ, కాళ్లు కడుక్కోండి" అంది.

చెల్లెలు కాళ్లు కడుక్కోలేదు. వెళ్లి అమ్మ ఎదురుగా మంచం మీద కూర్చుంది. నేను అడిగితే నిలదీసినట్టు ఉంటుందని నేను గోడకానుకుని నిలబడ్డాను.

"అమ్మా, లాండ్రీలో దుప్పట్ల అలమరా ఉండేది చూడు. ఒక రోజు నువ్వందులో కూర్చుని ఏడ్చావు. నేను తలుపు తీశాను. ఏమైంది ఆ రోజు?"

అమ్మ చేతిలో దుప్పటి ఆగలేదు. "ఏ రోజే?"

"నాకు ఏడేళ్లప్పుడు."

"ఒక రోజేమిటే. రోజూ ఏడ్చేదాన్ని. నాలుగింటికి పావుగంట వదిలేవాళ్లు మమ్మల్ని. మిగతావాళ్లు టీ తాగేవాళ్లు."

చెల్లెలు నాకేసి చూసింది. నేను ఉండబట్టలేకపోయాను. "రోజూనా? ఎందుకమ్మా?"

"ఎందుకేమిటే, మీ నాన్న పోయిన కొత్త. ఇంట్లో ఏడిస్తే మీరు చూస్తారు, బస్సులో ఏడిస్తే జనం చూస్తారు. అక్కడైతే అప్పుడే ఇస్త్రీ చేసిన దుప్పట్లు, వెచ్చగా ఉండేది. మీరొచ్చేలోపు ఏడ్చేసి, మొహం కడుక్కుని పనిలోకి పోయేదాన్ని. రెండేళ్లు అలాగే నడిచింది. తర్వాత ఏడుపు రావడం మానేసింది, టీకి పోవడం మొదలుపెట్టాను."

మడత పూర్తిచేసి, దుప్పటి మీద అరచెయ్యి వేసి ఓసారి నొక్కింది. అప్పుడు చెల్లెలికేసి చూసింది.

"నువ్వు తలుపు తీసిన రోజు గుర్తులేకేం. బడి ముందే వదిలేసినట్టున్నారు. ఎవరొచ్చారా అని హడలిపోయాను. నువ్వు ఏమీ అడక్కుండా, చప్పుడు కాకుండా తలుపేసి వెళ్లిపోయావు. బంగారుతల్లి అనుకున్నాను. నాకింకా ఐదు నిమిషాలు మిగిలే ఉన్నాయి మరి."